తుంగ తిన్న మిడతపిల్ల

అనగనగా ఒక అడవిలో వాగు ఒకటి పారేది. ఒకచోట ఆ వాగు రెండు పాయలుగా చీలి, కాస్త దూరం పోయాక మళ్ళీ కలిసిపోయేది. ఆ పాయల మధ్య ఒక గడ్డి దిబ్బ ఉండేది. దిబ్బ మీద గరిక దట్టంగా పెరిగేది. నీళ్ళ అంచున, బురదలో, తుంగ పెరిగేది. తొలకరి వానలు పడగానే ఆ దిబ్బ మట్టిలోంచి మిడతపిల్లలు బిలబిలమంటూ పుట్టుకొచ్చాయి. వాటిలో ఒకదాని పేరు పచ్చిక.

మిడతపిల్లని మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? అచ్చం పెద్ద మిడతలాగే ఉంటుంది. రెక్కలే ఉండవు. రెక్కలు రావలసిన చోట వీపు మీద చిన్న మొగ్గలుంటాయి. అది తింటుంది, లావెక్కుతుంది. కానీ దాని చర్మం మాత్రం సాగదు. నిరుడు కుట్టించిన చొక్కా మీకు ఈ ఏడు బిగుతైనట్టు, దాని చర్మం దానికి బిగుతైపోతుంది. అప్పుడది పాములాగే కుబుసం విడుస్తుంది. లోపల కొత్త చర్మం తయారుగా ఉంటుంది. అలా విడుస్తూ విడుస్తూ, ఆఖరిసారి విడిచినప్పుడు రెక్కలతో బయటికొస్తుంది.

పచ్చిక ఊరికే ఉండే పిల్ల కాదు. దానికి అన్నీ కావాలి. వాన ఎందుకు ఏటవాలుగా పడుతుంది? నత్తకి అంత తొందర లేకపోవడానికి కారణమేమిటి? ఇలా రోజంతా అడుగుతూనే ఉండేది. ఎక్కువగా అడిగేది వాళ్ళన్నని. వాడి పేరు గెంతడు. ఇద్దరూ ఒకే గుడ్లసంచిలోంచి వచ్చారు. గెంతడు ముందు బయటికొచ్చాడు కాబట్టి అన్న అయ్యాడు.

"అన్నా, కుబుసం విడవమని మనకెవరు చెప్తారు?" అని ఒకనాడు అడిగింది పచ్చిక.

"ఎవరూ చెప్పరే. ఆకలి చచ్చిపోతుంది. ఒళ్ళు బిగుసుకుంటుంది. ఏదో కొమ్మ పట్టుకుని తలకిందులుగా వేలాడాలనిపిస్తుంది. అంతే."

"అనిపించేది ఎందుకు?"

"నన్ను తిననియ్యవే తల్లీ! పోయి ఎండ్రమ్మత్తని అడుగు."

ఎండ్రమ్మ అంటే ఆ వాగులో ఉండే ఎండ్రకాయ. కొన్ని ఊళ్ళలో పీత అంటారు. ఆమె బొరియ నీళ్ళ అంచునే ఉంది. వయసులో పెద్దది. ఆమెకి కూడా పైన పెంకు బిగుతైనప్పుడల్లా విడవాల్సిందే. అందుకే ఆ సంగతులు ఆమెకి తెలుసు.

పచ్చిక వెళ్ళి అడిగింది. ఎండ్రమ్మ బొరియలోంచి సగం బయటికొచ్చి, కళ్ళు రెండూ పైకెత్తి చూసింది.

"మంచి మాటే అడిగావమ్మడూ. మన మెదడు ఉంది చూశావూ, అది మన ఒంటిని కనిపెట్టుకుని ఉంటుంది. ఇక చాలినంత పెరిగిందని తోచగానే ఒక గ్రంథికి కబురు పెడుతుంది. మీ మిడతలకి ఆ గ్రంథి ఛాతీలో ఉంటుంది. అది ఒక రసం వదులుతుంది. కుబుసం రసం అనుకో. అది నెత్తుటిలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది."

"తిరిగి ఏం చేస్తుందత్తా?"

"నీ ఒళ్ళంతా కంటికి కనిపించని చిన్న చిన్న గదులతో కట్టి ఉంది. ప్రతి గదిలోనూ ఒక తాళం ఉంటుంది. ఆ రసం తాళంచెవిలాగా పోయి అందులో పడుతుంది. తాళం తిరుగుతుంది. తిరగ్గానే ఆ గది పనిలోకి దిగుతుంది. పాత చర్మాన్ని వదులు చేసి, కింద కొత్తది అల్లుతుంది."

పచ్చిక తన వీపు మీది మొగ్గలు తడిమి చూసుకుంది.

"మరి ఇన్నిసార్లూ పిల్ల చర్మమే అల్లింది కదా. ఆఖరిసారి మాత్రం రెక్కలు అల్లాలని ఆ గదికి ఎలా తెలుస్తుంది?"

ఎండ్రమ్మ నవ్వింది. "అది నాకు తెలియదమ్మా. మాకు రెక్కలు రావుగా! ఎన్నిసార్లు విడిచినా మేం ఎండ్రకాయలమే."

పచ్చిక ఆ ప్రశ్నని మనసులో పెట్టుకుని ఇంటికొచ్చింది.

కొన్నాళ్ళకి గెంతడికి ఆఖరి కుబుసం విడిచే వేళ వచ్చింది. పొద్దున్నే ఒక గరిక కాడ పట్టుకుని తలకిందులుగా వేలాడాడు. వీపు మీద చర్మం నిలువుగా చీలింది. తల వచ్చింది, కాళ్ళు వచ్చాయి, తడితడిగా ముడుచుకున్న రెక్కలు కూడా వచ్చాయి.

"అన్నా, రెక్కలు! రెక్కలొచ్చాయి!" అని పచ్చిక గంతులేసింది.

అంతలో గాలి విసురుగా కొట్టింది. గెంతడు పట్టుకున్న కాడ ఎండుది. అది పుటుక్కున విరిగింది. వాడు కింద పడ్డాడు. అప్పుడే కుబుసం విడిచిన మిడత ఒళ్ళు వెన్నలాగ మెత్తగా ఉంటుంది. గెంతలేదు, నిలబడలేదు. పడ్డచోటే గండుచీమల బారు పోతోంది.

పచ్చిక అరిచింది. దూకింది. వెనక కాళ్ళతో చీమల్ని తన్నింది. ఒకదాన్ని తంతే పది వచ్చాయి. "పారిపో పచ్చికా, పారిపోవే!" అని గెంతడు అన్నాడు. అదే వాడి ఆఖరి మాట.

ఆ తర్వాత పచ్చిక ఎవర్నీ ఏమీ అడగలేదు. గరిక మీద కూర్చుని తన వీపు మీది మొగ్గలు తడుముకునేది. అవి ఉబ్బుతున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే తనూ అలాగే తలకిందులుగా వేలాడాలి. అలాగే మెత్తబడాలి. ఆ ఊహ రాగానే దానికి వణుకు పుట్టేది.

ఆ భయంతోనే ఒకనాడు నీళ్ళ అంచుకి పోయింది. అక్కడ తుంగ ఏపుగా పెరిగి ఉంది. ఆ దిబ్బ మీది మిడతలేవీ తుంగ ముట్టవు. తుంగ తిన్నవాళ్ళు పెద్దవాళ్ళు కారని వాటికి పుట్టుకతోనే ఎలాగో తెలుసు.

"తుంగక్కా, నిన్ను తింటే పెద్దవాళ్ళం కామంటారు. నిజమేనా?" అని అడిగింది పచ్చిక.

"నిజమే," అంది తుంగ.

"పిల్లలుగానే ఉండిపోతామా?"

"ఉండిపోతారు."

"రెక్కలు రావా?"

"రావు."

పచ్చిక ఇంకేమీ అడగలేదు. రెక్కలు రాకపోతే ఆఖరి కుబుసం విడవక్కర్లేదు అనుకుంది. తలకిందులుగా వేలాడక్కర్లేదు, మెత్తబడక్కర్లేదు, చీమలకి దొరకక్కర్లేదు. వంగి తుంగ ఆకు అంచు కొరికింది. కాస్త ఘాటుగా ఉంది. అయినా మింగింది. మర్నాడూ తింది. ఆ మర్నాడూ తింది.

పచ్చికకి నూగు అనే నేస్తం ఉంది. నూగు ఇది చూసి గుండె బాదుకుంది.

"ఏం తింటున్నావే? ఉమ్మెయ్! నీకేమైనా పిచ్చా?"

"నాకు రెక్కలు వద్దు నూగూ."

"వద్దంటే ఎలాగే? వానలు తగ్గాక గరిక ఎండిపోతుంది. అందరం గరిక పచ్చగా ఉండే అవతలి ఒడ్డుకి ఎగిరిపోవాలి. అప్పుడు నువ్వేం చేస్తావు?"

"అన్నకి రెక్కలొచ్చాయి. ఏమైంది?"

నూగు కాసేపు పక్కన కూర్చుని వెళ్ళిపోయింది.

వానలు తగ్గాయి. గుంపులో ఒక్కొక్కరే ఆఖరి కుబుసం విడిచారు. ఎవర్నో తొండ ఎత్తుకుపోయింది. ఎక్కువమంది మాత్రం బాగానే బయటపడ్డారు. నూగుకీ రెక్కలొచ్చాయి. ఎండలో అవి అభ్రకం రేకుల్లా మెరిసేవి. పచ్చిక అవి చూడకుండా తల తిప్పుకునేది. తుంగ తిని తిని అది అందరికంటే లావైంది.

ఒక పొద్దున పచ్చికకి ఆకలి వెయ్యలేదు. తుంగ ఆకు నోట పెట్టుకుంటే దిగలేదు. ఒళ్ళు బిగుసుకుపోయింది. ఏదో కాడ పట్టుకుని తలకిందులుగా వేలాడాలనిపించింది.

"ఇదేంటి!" అని కేక పెట్టింది. "నేను పిల్లగా ఉండిపోయాను కదా! నాకెందుకిలా అవుతోంది?"

ఎంత వద్దనుకున్నా కాళ్ళు వాటంతటవే తుంగ కాడ ఎక్కాయి. వీపు చీలింది. భయంతో కళ్ళు మూసుకుని, ఒక్కో కాలూ లాక్కుంటూ బయటికొచ్చింది. తుంగ చుట్టూ బురద ఉండడం వల్ల చీమలు అటు రాలేదు. ఒళ్ళు గట్టిపడేదాకా పచ్చిక ఆ కాడని వదల్లేదు. గట్టిపడ్డాక వీపు తడుముకుంది.

రెక్కలు లేవు. మునుపటిలాగే మొగ్గలున్నాయి.

పడవలసిన భయమంతా పడింది. దాటవలసిన గండమంతా దాటింది. చివరికి చూసుకుంటే మళ్ళీ పిల్లే.

మర్నాడే గుంపు లేచింది. గరిక పసుపురంగుకి తిరిగింది మరి. నూగు అందరికంటే వెనక ఉండి, పచ్చిక చుట్టూ తిరిగింది.

"నా కాళ్ళు పట్టుకో, మోసుకుపోతాను."

పచ్చిక పట్టుకుంది. నూగు ఎంత కొట్టుకున్నా జానెడు ఎత్తు కూడా లేవలేదు. పచ్చిక దానికంటే బరువు. మూడుసార్లు చూసి, మూడోసారి ఇద్దరూ గడ్డిలో పడ్డాక, పచ్చికే పట్టు వదిలేసింది.

"నువ్వు పోవే," అంది.

నూగు వెళ్ళిపోయింది. దిబ్బ మీద చడీచప్పుడు లేకుండా పోయింది.

పచ్చిక నేరుగా తుంగ దగ్గరికి పోయింది. ఈసారి కోపంగా పోయింది.

"అబద్ధం చెప్పావు! పిల్లగా ఉంటానన్నావు. కుబుసం ఎందుకు విడిచాను?"

"పిల్లగానే ఉన్నావుగా," అంది తుంగ. "కుబుసం విడవవని నేను అన్నానా? నువ్వు ఆ మాట అడిగావా?"

నిజమే. పచ్చిక ఆ మాట అడగలేదు. అడగాలంటే భయపడింది. చాలాకాలం తర్వాత దాని మనసులో పాత ప్రశ్న కదిలింది.

"సరే, ఇప్పుడడుగుతున్నాను. ఎండ్రమ్మత్త కుబుసం రసం గురించి చెప్పింది. తాళం తిరుగుతుందని చెప్పింది. పిల్ల చర్మం అల్లాలో రెక్కలు అల్లాలో ఆ గదికి ఎవరు చెప్తారు?"

"ఇంకో రసం చెప్తుంది," అంది తుంగ. "నీ తలలో, మెదడు వెనకాల, రెండు బుల్లి గ్రంథులున్నాయి. అవి పిల్లరసం చేస్తాయి. తాళం తిరిగినప్పుడు గదిలో పిల్లరసం ఉందనుకో, అది రెక్కల పనికి అడ్డం నిలబడుతుంది. గది మళ్ళీ పిల్ల చర్మమే అల్లుతుంది. పిల్లరసం లేదనుకో, రెక్కల పని మొదలవుతుంది. ఎదగాల్సిన వేళకి నీ తల ఆ రసం చెయ్యడం ఆపేసింది. నువ్వు వచ్చి నా ఆకుల్లోంచి మళ్ళీ నింపుకున్నావు."

"నీ ఆకుల్లో మా రసం ఎందుకుంది?"

"మరి నన్ను నేను కాపాడుకోవద్దా? నాకు కాళ్ళు లేవు, పారిపోలేను. ముళ్ళు లేవు, గుచ్చలేను. నన్ను తిన్న మిడత పెద్దది కాదు. పెద్దది కాని మిడత గుడ్లు పెట్టదు. వచ్చే వానలకి నన్ను కొరికే నోళ్ళు తగ్గుతాయి. నీ మీద నాకు పగేమీ లేదు పిల్లా. నువ్వు అడిగినదానికి నేను నిజమే చెప్పాను."

పిల్లలూ, తుంగ చెప్పింది కట్టుకథ కాదు. మన దేశంలో దొరికే ఒక రకం తుంగలో నిజంగానే ఆ రసం ఉంది. శాస్త్రవేత్తలు కుబుసం రసానికి ఎక్డైసోన్ అని, పిల్లరసానికి జువెనైల్ హార్మోన్ అని పేర్లు పెట్టారు. పేర్లు నోరు తిరక్కపోతే వదిలెయ్యండి. ఒకటి "ఇప్పుడు మారు" అంటుంది, ఇంకొకటి "ఇంకా పిల్లగానే ఉండు" అంటుంది. అది గుర్తుంటే చాలు.

పచ్చిక ఇంకో ప్రశ్న అడిగింది.

"నిన్ను తినడం ఆపేస్తే?"

"ఒంట్లో ఉన్నది కరిగిపోతుంది. మళ్ళీ కుబుసం వేళ వచ్చేసరికి కరిగిపోతే, రెక్కలు రావచ్చు. కచ్చితంగా చెప్పలేను. కానీ ఏం తింటావు? దిబ్బ మీద పచ్చగా మిగిలింది నేనే."

పచ్చిక చుట్టూ చూసింది. గరిక పుల్లల్లా ఎండిపోయింది. ఎదురుగా తుంగ నిగనిగలాడుతోంది. ఇది తింటే కడుపు నిండుతుంది. తినకపోతే ఆకలి. ఆకలికి ఓర్చుకున్నా, చివర ఆ తలకిందులుగా వేలాడడం తప్పదు. తింటే మాత్రం అది తప్పుతుందా? అదీ తప్పదు. రెండు దారుల్లోనూ కుబుసం ఉంది. ఒక దారిలోనే రెక్కలున్నాయి.

పచ్చిక వెనక్కి తిరిగి ఎండు గరికలోకి నడిచింది.

మొదటి రోజు పుల్లలు నమిలింది. రెండో రోజు కళ్ళు తిరిగాయి. మూడో రోజు నీళ్ళ అంచుకి వచ్చి, తుంగ ముందు నిలబడి, దాన్నే చూస్తూ కూర్చుంది. అది చూసి ఎండ్రమ్మ బొరియలోంచి పక్కవాటుగా నడుచుకుంటూ వచ్చింది. పచ్చిక జరిగినదంతా చెప్పింది.

"ఓసి పిచ్చిపిల్లా! నన్నొక్క మాట అడిగితే పోయేది కదే," అంది ఎండ్రమ్మ. "గరిక పైన ఎండుతుంది గానీ అడుగున ఎండదు. ఉండు."

తన డెక్కలతో మట్టి తవ్వింది. మట్టి కింద గరిక కాడలు కణుపుకణుపునా తెల్లగా, చెమ్మగా ఉన్నాయి. కొన్ని కణుపుల దగ్గర లేత మోసులు కూడా ఉన్నాయి. కడుపు నిండేంత కాదు. ప్రాణం నిలిచేంత ఉంది. పచ్చిక అవే తింది. ఎండ్రమ్మ రోజూ కాస్త తవ్వేది. పచ్చిక సన్నబడింది. తుంగ తిన్నప్పటి లావంతా పోయింది.

వీపు మీది మొగ్గలు మళ్ళీ ఉబ్బాయి.

"వేళ వస్తోందత్తా," అంది ఒక పొద్దున. "నీకెప్పుడూ భయం వెయ్యదా? నువ్వూ మెత్తబడతావుగా?"

"వెయ్యకేం? ప్రతిసారీ వేస్తుంది. పెంకు విడిచిన రోజు నన్ను చేపపిల్ల కూడా పొడిచి చంపగలదు. బొరియలో ముడుచుకుని, ఒళ్ళు గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టి ఉంటాను. కానీ విడవకపోతే ఆ పాత పెంకులోనే ఊపిరాడక చస్తానమ్మడూ."

"నేను విడిచినప్పుడు నా దగ్గర ఉంటావా?"

"ఉంటాను. కాడ మాత్రం నువ్వే చూసుకో. పచ్చిది, గట్టిది చూసుకో."

పచ్చిక దిబ్బంతా తిరిగింది. ఒక్కో కాడా పట్టుకుని ఊపి చూసింది. చివరికి తుంగ దగ్గరికే వచ్చింది. దిబ్బ మీద పచ్చిగా, గట్టిగా ఉన్న కాడలు దానివే.

"తుంగక్కా, నిన్ను తినను. పట్టుకోవచ్చా?"

"పట్టుకో," అంది తుంగ.

పచ్చిక తలకిందులుగా వేలాడింది. వాన లేక అంచున బురద ఆరిపోయింది. చీమలకిప్పుడు దారి ఉంది. అవి రానే వచ్చాయి. ఎండ్రమ్మ తుంగ మొదట్లో అడ్డంగా కూర్చుని, రెండు డెక్కలూ తెరిచింది. ఒక చీమని విసిరేసింది. ఇంకోదాన్ని నొక్కేసింది. కొన్ని ఆమె కాళ్ళ కీళ్ళలో కరిచాయి. "అబ్బా!" అంది గానీ కదల్లేదు.

పైన వీపు చీలింది. పచ్చిక ఈసారి కళ్ళు మూసుకోలేదు. తల వచ్చింది, కాళ్ళు వచ్చాయి. తర్వాత తడిగా, ముడతలు ముడతలుగా ఏవో వచ్చాయి. వాటిలోకి నెత్తురు ఎక్కుతుంటే అవి మెల్లగా, మెల్లగా విచ్చుకున్నాయి.

"అత్తా! నాకు... అత్తా, చూడు!"

"తలెత్తితే చీమలు ఎక్కుతాయే! నువ్వే చెప్పు, ఏమొచ్చాయి?"

"రెక్కలు!"

ఎండ పడి ఒళ్ళు గట్టిపడింది. ఎడమ రెక్క చక్కగా విచ్చుకుంది. కుడి రెక్క కొన మాత్రం మడత పడి అలాగే ఉండిపోయింది. ఒంట్లో ఏ మూలో మిగిలిన పిల్లరసం చేసిన పని అది. ఎండ్రమ్మ డెక్కతో దాన్ని సవరించబోయింది. అది సరయ్యేది కాదు.

"ఎగురుతుందా?" అంది పచ్చిక.

"చూస్తే గానీ తెలియదు."

పచ్చిక ఎండ్రమ్మకి తల ఆనించింది. తర్వాత వెనక కాళ్ళు బిగించి ఎగిరింది. వంకర రెక్క దాన్ని ఒక పక్కకి లాగింది. పాయ మధ్యలో నీళ్ళ మీదికి ఒరిగిపోయింది. ఎలాగో ఒక బండరాయి అందుకుని దాని మీద పడింది. రొప్పుతూ కూర్చుంది. వెనక్కి చూస్తే దిబ్బ ఎంత దూరమో, ముందుకి చూస్తే ఒడ్డు అంతే దూరం. ఈసారి కాస్త ఎడమకి తిరిగి ఎగిరింది. రెక్క కుడికి లాగింది. రెండూ కలిసి దాన్ని తిన్నగా ఒడ్డు మీది గడ్డిలో పడేశాయి.

నూగు పరుగెత్తుకుంటూ వచ్చింది. నమ్మలేనట్టు పచ్చిక చుట్టూ తిరిగింది. మడత పడ్డ రెక్క కొనని మీసాలతో తాకింది.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"భయమేసిందా?"

"చాలా వేసింది. ఉండవే, ముందు తిననీ, అన్నీ చెప్తాను," అంటూ పచ్చిక పచ్చి గరికలో తల దూర్చింది.

నీతి: భయపడి ఎదగడం మానుకుంటే కష్టం తప్పదు, ఎదుగుదల మాత్రం తప్పిపోతుంది.